పంట నమూనా – కాలువ నమూనా అనుసంధానం: సాగర్ కుడి కాలువ ఆయకట్టు ఉదాహరణగా

1. ప్రవేశిక

నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీటి విడుదల మొదలైంది. జవహర్ కాలువగా పేరొందిన కుడి కాలువ పొడవు 203 కిలోమీటర్లు. గుంటూరు, ప్రకాశం మెట్ట ప్రాంతాల పత్తి, మిరప సాగుకు ఇది ఆధారం. అద్దంకి, దర్శి, ఒంగోలు శాఖా కాలువలు దీని కిందివే. మిరపకు పూత దశలో తడి ఆలస్యమైతే పూత రాలుతుంది. ఎగువ తూముల కింద వాడకం పెరిగితే ఆ లోటు చివరి భూములపై పడుతుంది. అందువల్ల పంట అవసరాన్నీ కాలువ ప్రవాహాన్నీ కలిపి లెక్కించడం అవసరం. ఈ రెండింటినీ అనుకరించే కంప్యూటర్ నమూనాలు దత్తాంశాన్ని ఎలా పంచుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

2. కొలతల్లో తేడా

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2009లో వెలువరించిన ఆక్వాక్రాప్ వంటి పంట నమూనా రోజువారీగా, మిల్లీమీటర్లలో లెక్కిస్తుంది. కాలువ నమూనా నిమిషాల వ్యవధిలో, క్యూసెక్కులలో లెక్కిస్తుంది. వెయ్యి ఎకరాలకు రోజుకు 5 మి.మీ. తడి కావాలంటే పొలం వద్ద సుమారు 8.3 క్యూసెక్కుల ప్రవాహం రోజంతా అందాలి. వారానికి చెందిన 35 మి.మీ. మొత్తాన్ని కాలువ నమూనా ఒక రోజు అవసరంగా స్వీకరిస్తే అదే అంకె 58 క్యూసెక్కులవుతుంది. రెండు నమూనాలూ విడివిడిగా సరైనవే; తప్పు వాటి నడుమ ఉన్న లంకెలో ఉంది.

కాలం విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ప్రవాహ వేగం సెకనుకు ఒక మీటరు అనుకుంటే, కాలువ మొదటి నుండి చివరికి నీరు చేరడానికి సుమారు 56 గంటలు పడుతుంది. నేటి అవసరాన్ని నేటి విడుదలతో సరిపోల్చే అనుసంధానం చివరి రైతు విషయంలో పొరబడుతుంది.

3. ఏకముఖ, ద్విముఖ వినిమయం

పంట నమూనా అవసరాన్ని పంపి ఊరకుంటే అది ఏకముఖ వినిమయం. నీరు పూర్తిగా అందిందనే భావనతోనే అది దిగుబడిని అంచనా వేస్తుంది. ద్విముఖ వినిమయంలో తూము వద్ద వాస్తవంగా అందిన పరిమాణాన్ని కాలువ నమూనా తిరిగి పంపుతుంది. పంట నమూనా నేల తేమను సవరించుకొని, మరుసటి అవసరాన్ని కొత్తగా లెక్కిస్తుంది.

ఇటువంటి వినిమయానికి ఓపెన్‌ఎంఐ అనే ప్రమాణం ఉంది. ఐరోపా పరిశోధన ప్రాజెక్టులో రూపొందిన దీనిని 2014లో ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్టియం ఆమోదించింది. ప్రతి నమూనా తాను ఇచ్చే, తీసుకునే రాశులను వాటి కొలమానం, స్థలం, కాలాలతో సహా ప్రకటించడం దీని ముఖ్య సూత్రం.

4. ముగింపు

ప్రమాణం పాటించినంత మాత్రాన ఫలితం నిజం కాదు. మొదట్లో వదిలిన నీరు, తూముల వద్ద అందినది, ఊట, ఆవిరి, చివర మిగిలి వెలుపలికి పోయినది, కాలువలో నిల్వ మార్పు – వీటి మొత్తంతో ప్రతి వ్యవధిలోనూ సరిపోవాలి. కాలువ నుండి ఊటగా ఇంకి బావిలో తేలిన నీటిని కొత్త నీటిగా మరోసారి లెక్కించరాదు. ఈ జమాఖర్చు కుదరని అనుసంధానం చివరి తూముకు తెరమీద మాత్రమే నీరిస్తుంది.