చెక్క పళ్ల గడియారం

రెండు పాత గడియారాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. రెండోదాని చెక్క నల్లబడింది, అద్దం మీది బొమ్మ పెచ్చులూడింది, లోపల ఏదో చిరిగిన కాగితం అంటుకుని ఉంది. మీరైతే ఏది కొంటారు? అమెరికా పాత గడియారాలు సేకరించేవాళ్లు మాత్రం రెండోదాని దగ్గరే ఆగిపోతారు. అదీ ఆ చిరుగు కాగితం కోసం!

సంగతేమిటో తెలియాలంటే రెండొందల ఏళ్లు వెనక్కి, కనెటికట్ రాష్ట్రానికి వెళ్లాలి. అప్పట్లో ఇత్తడి ఖరీదు. గడియారం కలవారింటి వస్తువు. ఎలీ టెర్రీ అనే పనివాడు చెక్కతోనే పళ్ల చక్రాలు చేసి, కొన్ని గడియారాలు తయారవగానే గుర్రమ్మీద వేసుకుని అమ్ముకొచ్చేవాడు. అలాంటి మనిషి 1807 ప్రాంతంలో ఏకంగా 4,000 యంత్రాలు, ఒక్కోటి 4 డాలర్ల చొప్పున, మూడేళ్లలో చేసిస్తానని ఒప్పుకున్నాడు. మొదటి ఏడాదంతా ఏటి నీటితో నడిచే మిల్లు అమర్చుకోవడానికే సరిపోయింది. అయినా మాట నిలబెట్టుకున్నాడు.

అవన్నీ నిలువెత్తు గడియారాల లోపలి యంత్రాలు. పెట్టె మాత్రం కొన్నవాళ్లే ఊరి వడ్రంగితో చేయించుకోవాలి. అంత స్తోమత లేనివాళ్లు ఉత్త యంత్రాన్నే గోడకు తగిలించుకునేవారు. 1816లో టెర్రీ అలమర మీద పట్టే చిన్న గడియారానికి పేటెంట్ తీసుకున్నాడు. ఓక్ పలకల మధ్య చెర్రీ చెక్క చక్రాలు, బరువులతో నడక. ఒకసారి కీ ఇస్తే 30 గంటలు!

ఈ చిన్న గడియారాల్లో వెనక చెక్కకు అతికించేదే ఆ కాగితం. చేసినవారి పేరు, వాడే పద్ధతి దానిమీద అచ్చువేసేవారు. చాలావాటి అడుగున ప్రెస్ పేరు, చిరునామా కూడా ఉంటాయి. ఆ ప్రెస్ ఏ ఏళ్లలో ఏ వీధిలో ఉండేదో తెలిస్తే గడియారం వయసు దాదాపు తేలిపోతుంది.

మోసాలూ తక్కువేం కాదు. ఒకదాని పెట్టెలో ఇంకోదాని యంత్రం బిగించి అమ్మేస్తారు. ఇలాంటి జతని అక్కడివాళ్లు ‘పెళ్లి’ అంటారు! వెనక చెక్కకు అక్కర్లేని మేకు రంధ్రాలుంటే అనుమానించాల్సిందే. అయితే నిలువెత్తు గడియారాలతో ఓ చిక్కుంది. పెట్టె ఒకరిది, యంత్రం ఒకరిది కావడం వాటికి పుట్టుకతోనే ఉంది మరి.

ఇంతకన్నా నష్టం చేసేది అతి ప్రేమ. పాత రంగు గీకించి వార్నిష్ కొట్టిస్తే విలువ పడిపోతుంది. చెక్క పళ్లకు నూనె కూడా రాయకూడదు, దుమ్ము పట్టి అరిగిపోతాయి. ఒక పన్ను విరిగితే ఆ మేరకే కొత్త చెక్క అతికిస్తారు, చక్రం మార్చరు.

చెక్కకు గాలిలో తేమ పడదు. ఓడెక్కిస్తే చక్రాలు ఉబ్బిపోయేవి. చాన్సీ జెరోమ్ చవక ఇత్తడి యంత్రాలతో ఆ కష్టం తీర్చాడు. 1842లో ఇంగ్లండుకు సరుకు పంపితే, సుంకం ఎగ్గొట్టడానికే ఇంత తక్కువ ధర రాశాడనుకుని కస్టమ్స్ వాళ్లు ఆ ధరకు మరో 10 శాతం కలిపి మొత్తం కొనేశారు. జెరోమ్‌కి అంతకన్నా ఏం కావాలి? మళ్లీ పంపాడు. అదీ కొన్నారు. మూడోసారికి గానీ వాళ్లకి విషయం బోధపడలేదు.

ఆ తరహా ఇత్తడి గడియారాలు అమెరికాలో ఇప్పటికీ తక్కువ ధరకే దొరుకుతాయి. కొత్తగా సేకరణ మొదలెట్టేవారికి అవే మేలు. కొన్నాక మాత్రం బరువులూ లోలకమూ తీసి విడిగా చుట్టుకున్నాకే గడియారాన్ని కదిలించాలి. దారిలో బరువు జారిందంటే, ఇన్నేళ్లూ నిలిచిన అద్దం ఇల్లు చేరేలోపే ముక్కలవుతుంది.