హంబోల్ట్ బ్రాంకోస్: విషాదం నుంచి తేరుకున్న పట్టణ జట్టు

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో, సుమారు ఆరు వేల జనాభా గల హంబోల్ట్ పట్టణంలో 1970లో 'బ్రాంకోస్' జూనియర్ ఐస్ హాకీ జట్టు ఏర్పడింది. 2003, 2008 సంవత్సరాలలో జాతీయ జూనియర్ 'ఎ' విజేతగా నిలిచింది.

2018 ఏప్రిల్ 6న నిపావిన్ జట్టుతో పోటీకి వెళ్తున్న బ్రాంకోస్ బస్సు, కూడలి వద్ద ఆగకుండా వచ్చిన ట్రెయిలర్ లారీని ఢీకొంది. 16 మంది మరణించగా, 13 మంది గాయపడ్డారు. మృతులలో ఒక యువ క్రీడాకారుని అవయవాలను ఆరుగురికి అమర్చారు. ఆ స్ఫూర్తితో కెనడా అంతటా వేలాది మంది అవయవదానానికి పేర్లు నమోదు చేసుకున్నారు. 2019 మార్చి నుంచి సస్కాచెవాన్ ప్రభుత్వం ఇటువంటి భారీ లారీల డ్రైవర్లకు 121.5 గంటల శిక్షణను తప్పనిసరి చేసింది.

2018 సెప్టెంబరు 12న బ్రాంకోస్ జట్టు అదే నిపావిన్‌తో సొంత మైదానంలో తలపడి 1–2 తేడాతో ఓడింది. ప్రమాదం నుంచి బయటపడిన ఇద్దరు ఆటగాళ్లు ఆ జట్టులో ఉండడం విశేషం.