కేబుల్ తీసేశాక మా ఇంట్లో హాకీ

2024 ఆగస్టులో మావారి ఉద్యోగం పోయింది. ఆ వారాంతం ఇద్దరం బ్యాంకు స్టేట్‌మెంటు ముందేసుకుని, ఎర్రపెన్నుతో ఒక్కో ఖర్చూ కొట్టేసుకుంటూ పోయాం. మొదటి వేటు కేబుల్ మీద పడింది. నెలకి నూట ముప్ఫై డాలర్లు! తెలుగు సినిమాలకి వేరే యాప్ ఉంది, వార్తలు ఫోన్లోనే చూస్తాం. ఇక ఆ కేబుల్ ఉన్నదల్లా మా పన్నెండేళ్లవాడి హాకీ కోసం.

వాడు మెట్ల మీద కూర్చుని అంతా విన్నాడని నాకు తెలీదు. మర్నాడు పొద్దున, "పర్లేదమ్మా, నేను స్కోరు చూసుకుంటాలే" అన్నాడు. అలిగినా, ఏడ్చినా తట్టుకునేదాన్ని. అంత పెద్దమనిషిలా మాట్లాడేసరికి నాకు ముద్ద దిగలేదు.

మేముండేది ఫ్రిస్కోలో. డాలస్ స్టార్స్ జట్టు ప్రాక్టీసు చేసేది మా ఊళ్లోనే. కొడుక్కి క్రికెట్ నేర్పించాలని మావారు ఎంత ఆశపడినా, వాడు మాత్రం స్కేట్లు అడిగాడు. హాకీ అంటే ధ్యాన్‌చంద్, పచ్చిక మైదానం తప్ప వేరే తెలియని నాకు, ఈ మంచుమీద ఆట అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది.

అక్టోబరులో సీజన్ మొదలయ్యేనాటికి ఎలాగైనా చూపించాలని, చవగ్గా ఉందని ఒక స్ట్రీమింగ్ ప్యాకేజీ కొన్నాను. "అన్ని జట్ల మ్యాచ్‌లూ" అన్నమాట చూశాను గానీ, కింద చీమతలకాయంత అక్షరాల్లో రాసింది చదవలేదు. తీరా మ్యాచ్ టైముకి తెర నల్లగా, మీ ప్రాంతంలో ఈ ఆట అందుబాటులో లేదని ఒక ముక్క. మా ఇంటికి అరగంట దూరంలో ఆడుతున్నారు, ఆ ఆట మాకే కనపడదట! బోస్టన్‌లో ఉన్నవాళ్లు హాయిగా చూడొచ్చట.

మీరూ నాలా డబ్బు పోగొట్టుకోకూడదని చెప్తున్నాను. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్కో జట్టు ఆ సీజన్లో 82 మ్యాచ్‌లు ఆడింది. అందులో ఎక్కువ భాగం ఆ ఊరి చుట్టుపక్కల చూపించే హక్కు స్థానిక ప్రసారాలవాళ్లది. కొన్ని మాత్రం దేశమంతటికీ కలిపి ఈఎస్‌పీఎన్, ఏబీసీ, టీఎన్‌టీ చానెళ్లలో వస్తాయి. నేను కొన్నలాంటి ప్యాకేజీలు వేరే ఊరి జట్టుని అభిమానించేవాళ్ల కోసం. డాలస్‌లో ఉండి చికాగో జట్టుని చూడాలంటే అది భేషైన బేరం. సొంతూరి జట్టు కావాలంటే మాత్రం దండగ. కాబట్టి కొనేముందు "ఎంత?" అని కాదు, "మా పిన్‌కోడులో మా జట్టు వస్తుందా?" అని అడగండి.

అసలు సంగతి రింకు దగ్గర ఇంకో తల్లి చెప్పింది. సరిగ్గా ఆ ఏడాది నుంచే స్టార్స్ జట్టు తన స్థానిక మ్యాచ్‌లని విక్టరీ ప్లస్ అనే యాప్‌లో ఉచితంగా ఇస్తోంది! మధ్యమధ్య ప్రకటనలుంటాయి, అంతే. అన్ని జట్లకీ ఇలాంటి అదృష్టం లేదు, మీ ఊళ్లో ఏముందో మీ జట్టు వెబ్‌సైటులోనే చూసుకోవాలి. కెనడాలో ఉన్న మా చెల్లెలికి ఈ బాధ కొంత తక్కువ, శనివారం రాత్రి సీబీసీ పెడితే హాకీ వస్తుంది.

జాతీయ చానెళ్లలో ఏబీసీ ఒక్కటీ యాంటెన్నాకి అందుతుంది. మాకది 8వ నంబరు. పాతిక డాలర్లు పెట్టి యాంటెన్నా కొని కిటికీకి అంటించాను. చిన్నప్పుడు మా నాన్న డాబా ఎక్కి తిప్పిన యాంటెన్నా గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఒక్క లోటేమిటంటే, యాప్‌లో ఆట కాస్త వెనకగా వస్తుంది. గోలు పడకముందే మావాడి స్నేహితుల మెసేజులు టింగుమంటాయి. ఇప్పుడు ఆటైపోయేదాకా ఫోను వంటింట్లో నా దగ్గరే ఉంటుంది.

రెండు నెలల్లో మావారికి వేరే ఉద్యోగం దొరికింది. కేబుల్ మాత్రం మళ్లీ పెట్టించుకోలేదు.

ఏప్రిల్‌లో అత్తయ్యగారు వచ్చారు. మొదటిరోజు మావాడు నానమ్మకి తన ట్యాబ్‌లో ఆట చూపించబోయాడు. "ఏదిరా బంతి?" అన్నారావిడ. బంతి కాదు, మూడంగుళాల నల్ల రబ్బరు బిళ్ళ. ఆ చిన్న తెరలో నాకే కనపడదు, ఆవిడకేం కనపడుతుంది? ఆరోజు నుంచి హాల్లో పెద్ద టీవీలోనే చూడాలన్నాను. "బిళ్ళంగోడు లాంటిదన్నమాట" అని ఆవిడ తేల్చేశారు. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య 18 నిమిషాల విరామం. నాలుగు దోసెలు వేయడానికి సరిగ్గా సరిపోతుంది.

2025 మే 3, శనివారం. కొలరాడోతో మొదటి రౌండు ఏడో మ్యాచ్, ఓడితే ఇంటికే. ఏబీసీలో. మూడో పీరియడ్‌లో మనవాళ్లు 0-2 వెనకబడ్డారు. మావాడు దిండులో మొహం దాచుకున్నాడు. అప్పుడు మికో రాంటనెన్ మొదలుపెట్టాడు. జనవరి దాకా కొలరాడోకే ఆడి, రెండు చేతులు మారి మార్చిలో డాలస్ చేరినవాడు. ఆ ఒక్క పీరియడ్‌లోనే మూడు గోల్సు కొట్టాడు. 4-2తో గెలిచాం. పాత యజమాని వదులుకున్న మనిషి కదా, మావారు సోఫాలోంచి లేచి మరీ చప్పట్లు కొట్టారు. ఎందుకంత ఆవేశపడ్డారో నేను అడగలేదు.

"మళ్లీ ఎప్పుడురా?" అన్నారు అత్తయ్యగారు.

రెండో రౌండు నుంచి స్థానిక ప్రసారం ఉండదు, అంతా జాతీయ చానెళ్లే. ఆ రాత్రే ఒక లైవ్ టీవీ యాప్ నెలరోజులకి తీసుకున్నాం. మావాడు క్యాలెండరు కాగితం మీద "రద్దు చెయ్యాల్సిన రోజు" అని ఎర్రపెన్నుతో రాసి, ఫ్రిజ్‌కి అంటించి వెళ్లి పడుకున్నాడు.