అడగకముందే జరిగిన ఎంపిక

సాఫ్ట్‌వేర్ నిర్మాత ఏ సౌకర్యాన్నైనా రెండు విధాలుగా అందించవచ్చు. ముందే పనిచేసే స్థితిలో ఉంచి, వద్దనుకొన్నవారు ఆపుకొనేట్లు చేయడం ఒక పద్ధతి. నిలిపి ఉంచి, కావలసినవారు ప్రారంభించుకొనేట్లు చేయడం మరొక పద్ధతి. ఈ తొలి అమరికనే ‘డిఫాల్ట్’ అంటారు. దానిని వెదకి మార్చుకొనేవారు తక్కువ కనుక, నిర్మాత చేసిన నిర్ణయమే తరచు వినియోగదారుని నిర్ణయమైపోతుంది.

2001లో మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన విండోస్ ఎక్స్‌పీలో ‘ఫైర్‌వాల్’ అనే రక్షణకుడ్యం ఉంది. బయటినుండి అనాహూతంగా వచ్చే సంకేతాలను అది అడ్డగించగలదు. కాని దానిని నిలిపివేసిన స్థితిలోనే అందించారు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే హానికరమైన ప్రోగ్రాము ఇంటర్‌నెట్ ద్వారా వ్యాపించి, లక్షలాది కంప్యూటర్లను పీడించింది. దానిని నివారించే సవరణ జూలైలోనే వెలువడినా, ఎందరో అమర్చుకోలేదు. తలుపు ఉంది, గడియ ఉంది, వేసినవారు లేరు. 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2లో ఫైర్‌వాల్‌ను ముందే పనిచేసేట్లు అమర్చారు. కొన్ని ప్రోగ్రాములకు ఆటంకం కలిగినా, రక్షణకే ప్రాధాన్యం లభించింది.

అయితే అన్నింటికీ ఈ న్యాయం వర్తించదు. వెబ్‌సైట్లు వినియోగదారుని కంప్యూటరులో కుకీలను నిల్వచేయడానికి, ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కాజాలదని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2019లో తీర్పు చెప్పింది. మౌనం అర్ధాంగీకారమన్న లోకోక్తి అక్కడ చెల్లలేదు.

వినియోగదారుని కాపాడేది ముందే మేల్కొని ఉండాలి. అతని నుండి తీసుకొనేది అతడు పిలిచేదాకా వేచి ఉండాలి. మార్చుకొనే స్వేచ్ఛ మాత్రం ఎల్లప్పుడూ అతనిదే కావాలి.