ముప్పై బస్తాలా, ఇరవై ఏడా?

మండవల్లి, కైకలూరు వైపు చేపల మేత గోదాముల్లో బస్తా ఇప్పటికీ చాలాచోట్ల ముఠా కూలీల భుజం మీదే కదులుతుంది. ఫోర్క్‌లిఫ్ట్ వచ్చిన చోట మాత్రం, ట్రాక్టర్ నడిపినవాడికి ఇదో లెక్కా అనే మాట వినపడుతుంది. లెక్కే మరి. చేసి చూద్దాం.

ఒకటిన్నర టన్నుల బండి అంటే 1,500 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు 30. అయితే బండి ప్లేటు మీద ఆ అంకె పక్కనే 500 మి.మీ. అని కూడా ఉంటుంది. ఫోర్కుల వెనక నిలువు భాగం నుంచి సరుకు బరువు నడిమి దాకా ఉండాల్సిన దూరం అది. 1,200 మి.మీ. ప్యాలెట్‌ను పొడవునా ఎత్తితే ఆ దూరం 600 అవుతుంది. ముందు ఇరుసు నుంచి ఫోర్కుల దాకా మరో 400 ఉందనుకుందాం. 1,500ను 900తో (500+400) గుణించి 1,000తో (600+400) భాగిస్తే వచ్చేది 1,350 కిలోలు. అంటే 27 బస్తాలే. బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ దూరం మూడు బస్తాలు తినేసింది. ఫోర్కులను ఎత్తే నిలువు చట్రం, అంటే మాస్ట్, పైకి లేచేకొద్దీ ఇంకా తగ్గొచ్చు. ఎంతన్నది ఆ బండి ప్లేటు చూసే చెప్పాలి. ప్లేటు చదవడం రాని డ్రైవరుకు స్టీరింగ్ ఎంత బాగా వస్తే ఏం లాభం?

ఆ స్టీరింగ్ కూడా ట్రాక్టర్‌లా ఉండదు. తిరిగేవి వెనక చక్రాలు. ముందు భాగం మలుపు దాటాక తోక బయటికి విసురుతుంది, పక్కన నిలబడ్డ ముఠా మనిషికి తగిలేది అదే. బండి ఒరిగితే దూకేయాలనిపిస్తుంది. కూర్చుని నడిపే బండిలో దూకకూడదు. బెల్టు పెట్టుకుని, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, ఒరిగే వైపుకి ఎదురు వైపు వాలాలి. ఇది నోటితో చెబితే వచ్చేది కాదు, సాధన చేయించాలి.

చట్టం ఏమంటుంది? 1988 మోటారు వాహనాల చట్టం 2(28) సెక్షన్, ఫ్యాక్టరీలో లేదా ప్రహరీ లోపల మాత్రమే వాడేందుకు తయారైన ప్రత్యేక వాహనాన్ని మోటారు వాహనంగా లెక్కించదు. రోడ్డెక్కేలా తయారైన ఫోర్క్‌లిఫ్ట్ మాత్రం 1989 కేంద్ర నిబంధనల్లో నిర్మాణ యంత్రాల కోవలోకి వస్తుంది. కాబట్టి కారు లైసెన్సు జేబులో ఉన్నంత మాత్రాన గోదాములో అర్హత వచ్చినట్టు కాదు. లోపల శిక్షణ ఇప్పించే బాధ్యత యజమానిదే. 1987 సవరణతో ఫ్యాక్టరీల చట్టంలో చేరిన 7ఎ సెక్షన్ ఆ మాటే చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్‌లోనూ ఆ బాధ్యత కొనసాగింది. లాజిస్టిక్స్, ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఎక్విప్‌మెంట్ నైపుణ్య మండళ్ల సర్టిఫికెట్లు ఉన్నాయి, మంచివే. కానీ కాగితం చూసి ఊరుకుంటే శిక్షణ అయిపోయినట్టు కాదు.

ఫోర్క్‌లిఫ్ట్ శిక్షణపై అమెరికా నిబంధన నాకు నచ్చేది ఇక్కడే. ఇన్ని గంటల కోర్సు అని అది లెక్క కట్టదు. పాఠం, చేతిపని, పనిచేసే చోటే పరీక్ష, మూడూ కావాలంటుంది. కనీసం 3 ఏళ్లకోసారి మళ్లీ పరీక్షించాలి. ప్రమాదం జరిగినా, త్రుటిలో తప్పినా, బండి రకం మారినా అంతదాకా ఆగకుండా మళ్లీ నేర్పాలి. సర్టిఫికెట్ మీద నాలుగు ఉండాలి: ఆపరేటరు పేరు, శిక్షణ తేదీ, పరీక్ష తేదీ, ఎవరు నేర్పారో లేదా పరీక్షించారో. మన దగ్గర చేతికొచ్చే కాగితాల్లో ముందుగా వెతకాల్సింది ఆ నాలుగోదాన్నే. పేరుంటే పిలిచి అడగొచ్చు.

దుబాయ్ వెళ్లే కుర్రాళ్లకు ఇంకో సంగతి. అక్కడ ఫోర్క్‌లిఫ్ట్‌కు డ్రైవింగ్ లైసెన్సులోనే విడి విభాగం ఉంది. ఇక్కడి అనుభవం పరీక్షలో పనికొస్తుంది గానీ పరీక్షకు బదులుగా పనికిరాదు.