గుట్టను చుట్టి వెళ్లే దారి

ఫ్రాన్స్‌లోనూ ఇటలీలోనూ ద్రాక్షతోటల కొండల మధ్య సైకిల్ తొక్కడానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. తొక్కినంతసేపూ ఆయాసపడతారు. ఎందుకంటే ద్రాక్షకు వాలు మేలు. చల్లగాలి బరువైనది కాబట్టి రాత్రిపూట వాలు వెంట కిందికి జారిపోతుంది, తీగలకు మంచు దెబ్బ తగ్గుతుంది. వాననీరు వేళ్ల దగ్గర నిలవదు. తోట ఎక్కడుంటే దారీ అక్కడికే ఎక్కాలి.

సిద్దిపేట ప్రాంతం కూడా గుట్టల సీమే. ఇక్కడి పానీయం మాత్రం కల్లు. తాటిచెట్టుకు వాలుతో పనిలేదు, చెరువుగట్టు మీదా పొలంగట్టు మీదా బతికేస్తుంది. నీటిని నిలబెట్టే గట్టు సమంగా ఉండక తప్పదు. అంటే తాళ్ల వెంట పోయే సైకిలుకు ఎక్కుడు తక్కువ. రాజీవ్ రహదారి మీది లారీల హోరు వదిలేసి పల్లెబాట పట్టినవాళ్లకు ఈ తేడా మోకాళ్లలోనే తెలుస్తుంది.

కాస్త లెక్క చూద్దాం. మనిషి 65 కిలోలు, మామూలు నల్ల సైకిల్ 20 కిలోలు, మొత్తం 85. చదునైన తారురోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతే టైర్ల రాపిడికీ గాలి ఎదురుకూ కలిపి 75 వాట్ల చిల్లర చాలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లెవరైనా గంటసేపు ఇవ్వగలిగిన శక్తే. ఇప్పుడు వంద మీటర్లకు అయిదు మీటర్లు లేచే ఎక్కుడు పెట్టండి. వేగం 12 కిలోమీటర్లకు పడిపోయినా సరే, 160 వాట్లు దాటుతుంది. అందులో 140 దాకా ఒక్క గురుత్వాకర్షణే తీసుకుంటుంది.

దిగేటప్పుడు తిరిగి ఇస్తుంది కదా అంటారా? ఇస్తుంది, కానీ మధ్యలో గాలి కొట్టేస్తుంది. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. వంపులో బ్రేకు పట్టామా, మిగిలింది కూడా వేడిగా మారి రిమ్ముకు పోతుంది.

గేర్లు లేని సైకిల్ మీద ఎక్కుడు ఎందుకంత నరకమో కూడా లెక్కే చెబుతుంది. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే నల్ల సైకిల్ దాదాపు అయిదున్నర మీటర్లు ముందుకు పోతుంది. అయిదు శాతం వాలులో అంటే, ఆ ఒక్క చుట్టులో 85 కిలోలనూ 27 సెంటీమీటర్లు పైకి ఎత్తాలి. అందుకు పెడల్ మీద సగటున 20 కిలోల పైచిలుకు బరువు పడాలి. కాలు పైనా కిందా ఉన్నప్పుడు తోపు పనిచేయదు కాబట్టి మధ్యలో అంతకు రెట్టింపు. సీటు మీంచి లేచి నిలబడి తొక్కేది అందుకే. వాలు పది శాతమైతే నిలబడినా చాలదు, దిగి నెట్టుకోవాల్సిందే. గేరు పనిని తగ్గించదు, చిన్న చిన్న వాయిదాలుగా కట్టుకోనిస్తుంది, అంతే.

ఇక సిద్దిపేట దారుల సంగతి. ఈ గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందటి గ్రానైట్, నైస్ రాళ్లు. పగుళ్లు ఎక్కువున్న చోట నీరు దిగి రాయి మెత్తబడి మొరమై కొట్టుకుపోయింది. పగుళ్లు తక్కువున్న చోట బండ మొండిగా నిలబడిపోయింది. కాబట్టి ఇక్కడి గుట్ట హిమాలయంలా వరుసగా సాగదు, మైదానంలో ఒంటిగా లేస్తుంది. పక్కనుంచి చుట్టి పోవచ్చు. చాలా పల్లెదారులు ఒకప్పటి బండ్లబాటలే. బరువు లాగే ఎద్దుకు పై లెక్కలన్నీ రాకపోయినా ఫలితం బాగా తెలుసు. ఇంజనీరు కన్నా ముందే అది దారిని గుట్ట మీంచి తప్పించింది.

ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ పోయే గీతను సమోన్నత రేఖ అంటారు. దాని వెంట నడిచే దేనికీ గురుత్వాకర్షణతో పేచీ ఉండదు. ఇబ్రహీంపూర్ గుట్ట మీద ఇదే సూత్రం నేల మీద తవ్వి కనిపిస్తుంది. 2016 చివర్లో నగదురహిత గ్రామంగా పత్రికల్లోకెక్కిన ఊరు ఇది, ఇంటింటి ఇంకుడుగుంతలకూ పేరుంది. నన్నడిగితే ఆ నగదు ముచ్చట కన్నా గుట్ట మీది కందకాలే చూడదగ్గవి. వాన పడితే నీరు వాలు వెంట దూకుతుంది, దూకేకొద్దీ వేగం పుంజుకుని మట్టిని కోసుకుపోతుంది. వాలుకు అడ్డంగా తవ్విన కందకం దాన్ని పట్టి నిలబెడుతుంది. నిలబడ్డ నీరు మొరం పొరలోంచి మెల్లగా దిగి కింది బావులకు చేరుతుంది. పరుగును ఆపితే చాలు, మిగతాది నేలే చూసుకుంటుంది.

ఎక్కక తప్పని వాళ్లూ ఉన్నారు. వాళ్లలో మొదటిది గోదావరి నీరు. కాళేశ్వరం పథకంలో అనంతగిరి జలాశయం పూర్తిమట్టం సముద్రమట్టానికి 397 మీటర్లు. 2020 ఏప్రిల్‌లో ప్రారంభమైన చంద్లాపూర్ దగ్గరి రంగనాయకసాగర్‌ది 490. తేడా 93 మీటర్లు. ఒక్క టీఎంసీ అంటే 2.83 కోట్ల టన్నుల నీరు. దాన్ని అంత ఎత్తుకు చేర్చాలంటే, మోటార్ల నష్టాలు, సొరంగంలో రాపిడి ఏవీ కలపకుండానే 70 లక్షల యూనిట్లకు పైగా కరెంటు కావాలి. మన సైకిల్‌వాలా అదే 93 మీటర్లు ఎక్కితే? చేసిన పని 77 కిలోజౌళ్లు. తిన్నదానిలో కండరం నాలుగో వంతే పనిగా మారుస్తుంది కాబట్టి ఖర్చు 75 కేలరీల దాకా. రెండు ఇడ్లీలు చాలు.

రెండోవాడు గీత కార్మికుడు. మోకు, ముస్తాదుతో కలిపి 65 కిలోలు అనుకుందాం, తాటిచెట్టు 12 మీటర్లు అనుకుందాం. ఒక పూట ఇరవై తాళ్లు ఎక్కితే 240 మీటర్లు. అంటే 153 కిలోజౌళ్లు, అనంతగిరి నుంచి రంగనాయకసాగర్ మట్టానికి ఎక్కిన సైకిల్‌వాలాకు రెట్టింపు. అదీ నిట్టనిలువునా, గేర్లు లేకుండా. చాలాచోట్ల పొద్దునా సాయంత్రమూ రెండు పూటలా ఎక్కాలి. కల్లు లొట్టిలు దించి సైకిల్‌కో బండికో కట్టుకుని గట్టు వెంట వచ్చేవాణ్ని చూసి దారి ఇవ్వండి, ఆ పూటకు ఆ దారిలో అందరికన్నా ఎక్కువ ఎత్తు ఎక్కింది అతనే.

అతనికీ మనకూ తెల్లవారుజామే అనుకూలం, కారణాలు వేరు. చెట్టు నుంచి కారే రసంలో నూటికి పది పన్నెండు పాళ్ల చక్కెర ఉంటుంది. గాలిలోంచీ లొట్టి గోడల నుంచీ చేరిన ఈస్టు దాన్ని గంటల్లో ఆల్కహాలుగా మార్చేస్తుంది, ఆలస్యమైతే బ్యాక్టీరియా పులుపెక్కిస్తుంది. చల్లదనం ఈ పనిని నెమ్మదిపరుస్తుంది. సైకిల్ తొక్కేవాడికేమో ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో మూడొంతులు వేడిగానే బయటికి పోవాలి. చెమట ఆరితేనే అది పోతుంది. ఏప్రిల్‌లో పది దాటాక గాలి కూడా పొయ్యి సెగే. తొక్కడం పూర్తికాకముందు కల్లు జోలికి పోకపోవడం మంచిది. ముందు తగ్గేది బ్యాలెన్సే, పైగా మూత్రం ఎక్కువై ఒంట్లో నీరూ తగ్గుతుంది.

వరి కోతలప్పుడు వెళ్లేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, రాత్రయితే వాటి మీద నల్ల టార్పాలిన్, అంచు ఎగరకుండా వరసగా రాళ్లు. వడ్లు ఎత్తేశాక కూడా కొన్ని రాళ్లు అక్కడే మిగిలిపోతాయి. పొద్దు పొడవకముందు బయల్దేరితే లైటు తప్పనిసరి.