నోట్లో పిల్లల్ని పెంచే చేప

వేసవిలో చెరువు నీళ్లు తగ్గినప్పుడు ఒడ్డు బురదలో పళ్లెం ఆకారంలో గుంటలు కనిపిస్తుంటాయి. వాటిని తవ్వేది ఎవరో తెలుసా? చాలామటుకు మగ జిలేబీ చేపలే!

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో మనం జిలేబీ అని పిలిచే ఈ చేప అసలు పేరు తిలాపియా. శాస్త్రీయ నామం ఓరియోక్రోమిస్ మొసాంబికస్. ఇది సిక్లిడే కుటుంబానికి చెందింది. పులికాట్ సరస్సులో దొరికే, కేరళ వాళ్లు కరిమీన్ అనే చేప దీనికి దూరపు చుట్టం. కాని జిలేబీ మన దేశపు చేప కాదు. దీని పుట్టిల్లు ఆగ్నేయ ఆఫ్రికాలోని నదులు. 1952లో దీన్ని బ్యాంకాక్ నుంచి రామేశ్వరం దగ్గరి మండపానికి తెచ్చారు. అప్పటికి మన చిత్తూరు జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. త్వరగా పెరిగి, పేదలకు చవకగా మాంసకృత్తులు అందిస్తుందని ఆశించారు.

గుడ్లు పెట్టే కాలంలో మగచేప నల్లగా మారుతుంది. దవడ కింది భాగం తెల్లబడుతుంది. రెక్కల అంచులు ఎర్రబడతాయి. అది నేలను గుంటగా తవ్వి కాపలా కాస్తుంది. ఆడచేప అక్కడికి వచ్చి గుడ్లు పెట్టి, వెంటనే వాటిని నోట్లోకి తీసుకొంటుంది. మగచేప విడిచిన శుక్రకణాలను కూడా నీటితోపాటు నోట్లోకి పీల్చుకొంటుంది. ఇక ఆ నోరే పిల్లలకు ఉయ్యాల!

తల్లి దవడలు కదుపుతూ గుడ్లను అటూ ఇటూ దొర్లిస్తుంది. అందువల్ల అన్ని గుడ్లకూ ప్రాణవాయువున్న నీరు తగులుతుంది. కొద్ది రోజుల్లో గుడ్లు పొదుగుతాయి. దాదాపు రెండు వారాలపాటు తల్లి సరిగా మేత తినదు. పిల్లలు ఈదడం నేర్చి బయటికి వచ్చిన తర్వాత కూడా, ఆపద వస్తే మళ్లీ తల్లి నోట్లోకి దూరిపోతాయి.

మరి మన రోహు చేప సంగతేమిటి? అది లక్షల గుడ్లు పెడుతుంది. కాని వాటిని పట్టించుకోదు. పైగా నదికి వరద వస్తేనే గుడ్లు పెడుతుంది. నిలవ నీటి చెరువులో పెట్టదు. అందుకే చెరువుల్లో ఏటేటా రోహు పిల్లలను తెచ్చి వదులుతారు. జిలేబీ ఒక్కసారికి పెట్టేవి కొన్ని వందల గుడ్లే. అయినా తల్లి కాపాడటంవల్ల ఎక్కువ పిల్లలు బతుకుతాయి. అది నిలవ నీటిలోనే ఏడాదికి అనేకసార్లు పిల్లల్ని కంటుంది. కొన్ని నెలల వయసుకే తల్లి అవుతుంది!

చిక్కంతా ఇక్కడే వచ్చింది. చెరువులో మేత పెరగదు, తినే నోళ్లు మాత్రం పెరుగుతాయి. ఫలితంగా చేపలన్నీ అరచేతికి మించకుండా గిడసబారిపోతాయి. రోహు, బొచ్చె చేపలకు కూడా మేత తక్కువవుతుంది. వల నిండినా జాలరికి తగిన ధర రాదు. అందుకే భారత మత్స్య పరిశోధనా సంఘం 1959లో దీని వ్యాప్తిని నిషేధించింది. కాని అప్పటికే అది నీళ్లలో స్థిరపడిపోయింది.

ఇదే కుటుంబంలోని నైలు తిలాపియాను ఇప్పుడు పెంపకందార్లు వేరే పద్ధతిలో పెంచుతున్నారు. చెరువులో మగచేపలనే వదులుతారు. పిల్లలు పుట్టవు కనుక గుంపు పెరగదు. పిల్లల కోసం పస్తులుండే పని లేని మగచేపలు త్వరగా బరువెక్కుతాయి.

ఒక వింత చూడండి. మన చెరువుల్లో ఇంతగా పెరిగిన జిలేబీ, తన పుట్టింట్లో ముప్పులో ఉంది. అక్కడ బయటినుంచి తెచ్చి వదిలిన నైలు తిలాపియాతో కలిసి సంకరమై, అసలు జాతి తరిగిపోతోంది. ఒక నీటిలోని జీవిని మరో నీటిలో వదిలితే ఏమవుతుందో ముందుగా ఊహించడం కష్టం. కనుక గాజుతొట్టిలో పెంచుకొన్న చేపపై మోజు తీరినా సరే, దాన్ని చెరువులోగాని కాలువలోగాని వదలకండి.